చెక్కపొరలో దొరికిన జీవకణం

ఉదయగిరి దుర్గం కింద చెక్క గరిటెలు చేసే ఇళ్లలో నేలంతా చెక్కపొట్టే. బిక్కి, నర్ది వంటి కర్రను చెక్కి, నునుపు చేసి, పిడికి పూలూ లతలూ తీరుస్తారు. ఆ పొట్టులోంచి వెలుతురు కనబడేంత పలచని పొరను ఏరి బడిలోని సూక్ష్మదర్శిని కింద పెట్టండి. వరసలు వరసలుగా సన్నని గదులు కనిపిస్తాయి.

జీవకణం చరిత్ర మొదలైంది ఇలాంటి పొరతోనే. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ పదునైన చాకుతో బెండును కోసి చూసిన సంగతి ప్రకటించాడు. ఘనపు అంగుళంలో అలాంటి గదులు 125 కోట్లకు పైగా ఉంటాయని లెక్కకట్టాడు. అయితే ఆయన చూసినవి ప్రాణం పోయిన కణాల గోడలే. కణం లోపలి కేంద్రకానికి రాబర్ట్ బ్రౌన్ పేరు పెట్టేసరికి 1831 వచ్చింది. మొక్కలన్నీ కణాల కట్టడమేనని 1838లో ష్లైడెన్, జంతువులూ అంతేనని మరుసటి ఏడు ష్వాన్ చెప్పారు. కొత్త కణం పుట్టుక దగ్గర మాత్రం ఇద్దరూ పొరబడ్డారు. ద్రవంలో పటిక గడ్డకట్టినట్టు కణం పేరుకుంటుందనుకున్నారు. కణం చీలి రెండవుతుందని 1852లో రెమాక్ రాశాడు. కణం నుంచే కణం పుడుతుందని 1855లో విర్కో నొక్కి చెప్పాడు.

చెట్టు పెరిగేదీ అలాగే. బెరడుకూ కర్రకూ నడుమ ఉన్న సన్నని పొరలో కణాలు చీలుతూ లోపలివైపు దారువును పేరుస్తాయి. అందులో నీటిని మోసే నాళాల కణాలు చనిపోయాకే పనిలోకి వస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ నడిమి కర్రలో మిగిలిన కణాలూ చనిపోయి, రంగులూ జిగుర్లూ నిండి చేవదేరుతుంది. ఉదయగిరి చెంతనున్న వెలిగొండల ఎర్రచందనం ఎరుపు ఆ చేవలోదే.

కణాలు కలిస్తే కణజాలం, కణజాలాలు కలిస్తే అవయవం, అవయవాలన్నీ కలిస్తే ఒక చెట్టు. ఒక ప్రాంతంలోని ఒకే జాతి చెట్లన్నీ ఆ జాతి జనాభా. ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. నరుకుడు మితిమీరడంతో 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద కట్టడి ఉంది.

ఉదయగిరి పిల్లలు పుస్తకంలో చదివే ఈ మెట్లన్నీ వాళ్ల కొండల మీదే ఉన్నాయి. విర్కో మాట అడవికీ చెల్లుతుంది: చెట్టు నుంచే చెట్టు రావాలి. మొలక మానయ్యే వేగాన్ని మించి కర్ర కొడితే జాతి జనాభా తరుగుతుంది, గరిటెల పనీ ఆగుతుంది. కణం పాఠం చెప్పేటప్పుడే ఈ లెక్కా పిల్లలకు చెప్పాలి.