గోదావరి ఒడ్డున చరిత్ర పరిశోధన: రాజమహేంద్రవరం సంస్థల నిర్వాహకులు – వారసత్వ భావన

వ్యాస సంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో రాజమహేంద్రవరంలో వెలసిన స్వచ్ఛంద సంస్థలు ఆంధ్రదేశ చరిత్ర రచనకు ఆధారాలను సమకూర్చాయి. వాటిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, గౌతమీ గ్రంథాలయం ముఖ్యమైనవి. ఈ సంస్థల కృషి ఫలితాలు పరిశోధకులకు సుపరిచితమే. వాటిని నడిపిన వారి వృత్తులు, పనితీరు, పరిమితులు మాత్రం తగినంత చర్చకు రాలేదు. నిర్వాహకుల సామాజిక స్థితి 'వారసత్వం' అనే భావనను ఎలా రూపొందించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాసనాలను, గ్రంథాలను కాపాడిన ఈ దృష్టికి నది మీద బతికిన వారి జ్ఞానం ఎందుకు అందలేదన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: గోదావరి, రాజమహేంద్రవరం, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, గౌతమీ గ్రంథాలయం, తామ్రశాసనాలు, వృత్తి పదజాలం

1. ప్రవేశిక

ఒక శాసనాన్ని ఉటంకించేటప్పుడు దానిని వేయించిన రాజు పేరు, దానగ్రహీత పేరు, కాలం తప్పక పేర్కొంటాం. ఆ రాగిరేకులు కరిగిపోకుండా, చేతులు మారి కనుమరుగు కాకుండా కాపాడినవారి పేరు అధోజ్ఞాపికలో కూడా చోటు చేసుకోదు. చరిత్రను భద్రపరిచినవారు చరిత్రలో లేకపోవడం కేవలం కృతజ్ఞతకు సంబంధించిన లోపం కాదు. ఏది భద్రపరచదగినదో నిర్ణయించినవారు వారే కనుక, వారిని విస్మరిస్తే ఆధారాల స్వభావమే మనకు అర్థం కాదు.

ఈ అంశాన్ని పరిశీలించడానికి రాజమహేంద్రవరం అనువైన క్షేత్రం. నన్నయ భారత రచనకు ఆస్థానమైన నగరం ఇది. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో నిర్మించిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నగరం పొరుగునే ఉంది. ఆనకట్ట, కాలువలు డెల్టా వ్యవసాయాన్ని మార్చాయి. ఆ వ్యవసాయ సంపద మీద విద్యావంతులైన మధ్యతరగతి ఎదిగింది. కందుకూరి వీరేశలింగం సంస్కరణోద్యమం, 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన రేపిన జాతీయభావం ఈ వర్గాన్ని సభల వైపు, సంఘాల వైపు నడిపించాయి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం అప్పటికే ఇటువంటి సంఘాలకు న్యాయపరమైన రూపాన్ని అందుబాటులో ఉంచింది.

2. గ్రంథాలయం: ఒక వ్యక్తి పూనిక, ఊరి ఆస్తి

గౌతమీ గ్రంథాలయానికి రెండు మూలాలున్నాయి. ఒకటి 1898లో నాళం కృష్ణారావు నెలకొల్పిన వసురాయ గ్రంథాలయం. వసురాయకవిగా ప్రసిద్ధులైన వడ్డాది సుబ్బారాయుడి పేరును దానికి పెట్టారు. రెండవది కొక్కొండ వేంకటరత్నం పంతులు పేరిట ఏర్పడిన రత్నకవి గ్రంథాలయం. తరువాతి కాలంలో ఇవి కలిసి నది పేరును ధరించాయి.

ఈ నామకరణ క్రమం గమనించదగినది. మొదటి దశలో గ్రంథాలయం ఒక కవి కీర్తికి గుర్తు. కలయిక తరువాత అది ఏ ఒక్క వ్యక్తికీ చెందని పేరును స్వీకరించింది. గౌతమి అన్న పేరు గోదావరికి పర్యాయపదం. ధవళేశ్వరం దిగువన చీలే పాయలలో తూర్పు పాయకు కూడా అదే పేరు. ఇద్దరు కవుల అభిమానులకు సమ్మతమైన పేరు నదిదే కావడంలో ఒక సామాజిక వివేకం కనిపిస్తుంది. అయితే అరలలో చేరినవి కావ్యాలు, ప్రబంధాలు, పత్రికలు, తాళపత్రాలు. నది పేరులో నిలిచింది. సేకరణలో ముఖ్యాంశం కాలేదు.

3. పరిశోధక మండలి: వకీళ్లు, అధ్యాపకులు

తూర్పు చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యాడు. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లోనే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి రాజమహేంద్రవరంలో ఏర్పడింది. ఆ సందర్భంగా వెలువడిన రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచిక తెలుగు చరిత్ర సాహిత్యంలో ఒక మైలురాయి. అంతకు ముందే చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' 1910 నుంచి వెలువడసాగింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. పరిశోధక మండలి ఈ వరుసలోనిదే అయినా, మూలాధారాల సేకరణను, ప్రకటనను ప్రధాన కార్యంగా స్వీకరించడం దాని ప్రత్యేకత.

మండలిని నడిపినవారిలో భావరాజు వేంకట కృష్ణారావు వృత్తిరీత్యా న్యాయవాది. ఆంధ్రదేశపు తొలి రాజవంశాల మీద ఆయన ఆంగ్లంలో రాసిన గ్రంథం 1942లో వెలువడింది. రాళ్లబండి సుబ్బారావు చరిత్రోపన్యాసకులు. ఈ ఇద్దరి వృత్తులు కాకతాళీయమైనవి కావని నా అభిప్రాయం.

తామ్రశాసనాలు సాధారణంగా పొలం దున్నేటప్పుడో, పునాదులు తవ్వేటప్పుడో బయటపడతాయి. 1878 నాటి నిక్షేప చట్టం ప్రకారం భూమిలో దొరికిన విలువైన వస్తువును అధికారులకు తెలియజేయాలి. ఆ భయం వల్ల కొన్ని, లోహపు విలువ కోసం మరికొన్ని మాయమయ్యే ప్రమాదం ఎప్పుడూ ఉండేది. శాసనం మరొక విధంగా కూడా ప్రాముఖ్యం వహించేది: అది భూదాన పత్రం. అగ్రహారం హక్కులు, ఇనాము వివాదాలు తెలిసిన న్యాయవాదికి 'ఎవరు, ఎవరికి, ఏ ఎల్లలతో, ఏ సాక్షుల ఎదుట ఇచ్చారు' అన్న ప్రశ్నలు సహజమైనవి. దస్తావేజు చదివే కన్నే శాసనాన్నీ చదివింది. ఇక అధ్యాపకునికి శిష్యుల ద్వారా జిల్లా అంతటా పరిచయాలుంటాయి. పల్లెలో దొరికిన వస్తువు కబురు పట్టణం చేరడానికి ఇంతకన్నా నమ్మదగిన మార్గం ఆ రోజుల్లో అరుదు.

4. రెండు భాషలు, రెండు పాఠక వర్గాలు

మండలి ప్రచురణలలో ఒక ద్వంద్వం కనిపిస్తుంది. 1926లో ప్రారంభమైన దాని త్రైమాసిక పత్రిక ప్రధానంగా ఆంగ్లంలో వెలువడింది. శాసనపాఠాలు, వంశావళులు, కాలనిర్ణయ వివాదాలు అందులో చోటు చేసుకున్నాయి. తెలుగు పాఠకుల కోసం ప్రత్యేక సంచికలు వచ్చాయి: 1930లో రాళ్లబండి సుబ్బారావు సంపాదకత్వంలో 'కళింగదేశ చరిత్ర', 1935లో మారేమండ రామారావు సంపాదకత్వంలో 'కాకతీయ సంచిక', 1947లో 'రెడ్డి సంచిక'.

ఆంగ్ల పత్రిక ఇతర ప్రాంతాల పండితులతో వాదానికి వేదిక. తెలుగు సంచిక తమ జనంతో సంభాషణ. రెండింటి అవసరాలూ వేరు. ఉదాహరణకు 'కళింగదేశ చరిత్ర' వెలువడిన కాలంలోనే ఆంధ్ర–ఒరిస్సా సరిహద్దుల ప్రశ్న తీవ్రంగా ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. ఆ వాతావరణంలో పురాతన కళింగం గురించి రాయడం నిష్పూచీ విద్యావ్యాసంగం మాత్రమే కాలేదు. చరిత్రకు రాజకీయ సాక్ష్యమయ్యే శక్తి ఉందని నిర్వాహకులకు తెలుసు. కనుకనే రాజవంశాల మీద, దేశసీమల మీద వారి దృష్టి కేంద్రీకృతమైంది.

5. ఏది చేరలేదు?

ఈ సేకరణలకు వెలుపల మిగిలిపోయినది చాలా ఉంది. ఆనకట్ట కాలువలు సాగుకోసమే కాదు, రవాణాకోసం కూడా. లాకుల మీదుగా పడవలు ధాన్యాన్ని, మనుషులను చేరవేసేవి. ఎగువ అడవుల నుంచి కలప, వెదురు తెప్పలుగా కట్టి నది మీద రాజమహేంద్రవరం దాకా తెచ్చేవారు. లాంచీ నడిపే సరంగుకు ఏ నెలలో ఏ లంక పక్కన ఇసుక మేటవేస్తుందో తెలుసు. పులస ఎదురీదే వరద కాలాన్ని పల్లెకారులు నీటి రంగును బట్టి చెప్పగలరు. పాపికొండల మధ్య కోయ, కొండరెడ్డి గూడేలకు నది దారి, సంత, దైవం కూడా.

ఈ జ్ఞానం రాగిరేకు మీద లేదు. దానికి తేదీ లేదు, దాత లేడు, సాక్షి సంతకం లేదు. కాబట్టి దస్తావేజు ప్రమాణంతో చూసే దృష్టికి అది ఆధారంగా కనిపించలేదు. హెన్రీ మోరిస్ 1878లో, హెమింగ్వే 1907లో రాసిన గోదావరి జిల్లా వివరణ గ్రంథాలు నీటిపారుదలను, కులాలను, వృత్తులను వర్ణించాయి. కాని అవి పాలన అవసరాల కోసం రాసినవి. ఒకవైపు పాలకుల పరిశీలన, మరొకవైపు పండితుల శాసన పరిశోధన. ఈ రెంటి నడుమ నది మీద పనిచేసినవారి మాట వారి నోటి నుంచి నమోదు కాలేదు.

దీనిని నిర్వాహకుల దోషంగా చూపడం న్యాయం కాదు. జీతం లేని పనిని కోర్టు వేళల తరువాత, బడి వేళల తరువాత చేసినవారు వారు. చేతికందినదాన్ని ముందు కాపాడటం వారి ప్రాథమ్యం. రాగిరేకులు కరిగిపోతుంటే పడవపాటల కోసం ఆగే స్థితి వారికి లేదు. మౌఖిక చరిత్రకు పద్ధతి అనే గౌరవం ఇంకా రాని కాలమది.

6. వ్యక్తి వెళ్లాక సంస్థ

స్వచ్ఛంద సంస్థల బలమే వాటి బలహీనత. ఒకరిద్దరి పట్టుదల మీద నిలిచిన సంస్థకు వారి తరువాత అద్దె, ముద్రణ ఖర్చు, జాబితాల తయారీ వంటి మామూలు పనులే భారమవుతాయి. రాజమహేంద్రవరంలో గ్రంథాలయం కాలక్రమంలో ప్రభుత్వ ప్రాంతీయ గ్రంథాలయమైంది. గోదావరి గట్టున ఉన్న ప్రభుత్వ పురావస్తు ప్రదర్శనశాల రాళ్లబండి సుబ్బారావు పేరును నిలుపుకుంది. ప్రభుత్వం స్వీకరించడం వల్ల వస్తువులకు భవనం, సిబ్బంది లభిస్తాయి. అయితే వస్తువుతో పాటు రావలసిన సమాచారం, అంటే అది ఏ ఊరిలో, ఎవరి పొలంలో, ఎవరి ద్వారా దొరికిందన్న వివరం, చాలాసార్లు సేకర్త జ్ఞాపకంలోనే ఉంటుంది. అందుచేత ఇటువంటి సంస్థల సమావేశ వివరాలు, ఉత్తరాలు, చందా రసీదులు, చేర్పు పుస్తకాలు కూడా చారిత్రక ఆధారాలే. శాసనపాఠానికి ఇచ్చే శ్రద్ధను వీటికీ ఇవ్వాలి.

7. నేటి కర్తవ్యం

ఈ ప్రశ్న ఇప్పుడు అడగడానికి ఒక కారణముంది. పోలవరం జలాశయం వల్ల దేవీపట్నం నుంచి ఎగువన నదీతీర గ్రామాలు ముంపు పరిధిలోకి వచ్చాయి. వేలేరుపాడు మండలంలోని రుద్రమకోట వంటి చోట్ల బృహచ్ఛిలా సమాధుల తవ్వకాలు జరిగాయి. రాతికట్టడాలను తవ్వి, కొలిచి, అవసరమైతే తరలించవచ్చు. రేవు పేర్లను, సుడిగుండాల పేర్లను, తెప్ప కట్టే ముడుల పేర్లను తరలించడం సాధ్యం కాదు. ఊరు చెదిరిన తరువాత ఆ మాటలను వాడవలసిన సందర్భమే ఉండదు. సందర్భం పోయిన మాట ఒక తరంలో మాయమవుతుంది.

ఇక్కడ తెలుగు శాఖలకు ప్రత్యేక బాధ్యత ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం ఒక మార్గాన్ని చూపింది: పరిశోధకుడు రైతు దగ్గరకు వెళ్లి, పనిముట్టును చూసి, దాని పేరును అడిగి రాసుకోవాలి. అదే పద్ధతిలో గోదావరి నావికుల, తెప్పకారుల, లాకు కాపలాదారుల పదజాలాన్ని వారి జీవిత కథనాలతో కలిపి సేకరించాలి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ వారి సమ్మతితో నమోదు చేయాలి. శాసనానికి దాత, గ్రహీత, సాక్షి ఎంత అవసరమో మౌఖిక ఆధారానికి ఇవి అంతే అవసరం. మండలి పెద్దలు పాటించిన ప్రమాణ నిష్ఠను ఈ కొత్త సామగ్రికి వర్తింపజేయడమే ఇక్కడ చేయవలసిన పని.

8. ముగింపు

రాజమహేంద్రవరం సంస్థల నిర్వాహకులు ప్రభుత్వం పూనుకోని పనిని తమ సమయంతో, తమ పరిచయాలతో చేశారు. వారి వృత్తులు వారికి కొన్ని ద్వారాలు తెరిచాయి; అవే వృత్తులు వారి చూపుకు హద్దులు గీశాయి. రాజుల దానపత్రాలు నిలిచాయి, నది మీద బతికిన వారి మాట నిలవలేదు. సంస్థల చరిత్రను నిర్వాహకుల చరిత్రగా చదివినప్పుడు ఈ రెండు విషయాలూ ఒకే కారణం నుంచి పుట్టాయని తెలుస్తుంది. వారు మిగిల్చినదాన్ని ఉటంకించడంతో మన ఋణం తీరదు. వారికి అందనిదాన్ని, అందే వ్యవధి ఇంకా ఉన్నప్పుడే, సేకరించడం వారి పనికి నిజమైన కొనసాగింపు.