రమాబాయిలు, ఆనందీబాయిలు

19వ శతాబ్దపు మహారాష్ట్ర చరిత్ర తిరగేస్తే రమాబాయిలు, ఆనందీబాయిలు పదేపదే ఎదురై తికమక పెడతారు. కన్నవారికి ఆ పేర్లంటే మోజు కాబోలు అనుకుంటాం. సాక్ష్యం మాత్రం ఆ మాటను నిలబడనివ్వదు. 1873లో మహాదేవ గోవింద రానడేను పెళ్లాడి రమాబాయి అయిన అమ్మాయి పుట్టింటి పేరు యమున. మరుసటి ఏడు గోపాలరావు జోషీని పెళ్లాడి ఆనందీబాయి అయిన బాలిక పేరూ యమునే. మొదటామె పుణెలో సేవాసదన్ నడిపింది. రెండో ఆమె 1886లో ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా అందుకుంది. పెళ్లితో వధువు పేరు మార్చే ఆచారం లేకపోతే ఈనాడు మనం ఇద్దరు యమునల గురించి మాట్లాడుకునేవాళ్లం. అంటే ఈ పేర్లలో పుట్టింటి ఇష్టం కంటే అత్తింటి ఎంపికే ఎక్కువ.

మరి పండిత రమాబాయి మాటేమిటని అడగవచ్చు. నిజమే, ఆమెకు రమ అన్నది పుట్టు పేరే. అయితే 1880లో ఆమె చేసుకున్నది ఒక బెంగాలీ వకీలును, అదీ రిజిస్టరు పెళ్లి. ఆచారం పట్టుకు అందని పెళ్లిలో పేరు మిగలడం నా వాదానికి బలమే. పేరు మార్పు వట్టి తంతు, దానివల్ల పోయేదేముందన్న ఆక్షేపణ ఇంకాస్త గట్టిది. వితంతువైన గోదూబాయి 1893లో ధోండో కేశవ్ కర్వేను పునర్వివాహం చేసుకుని ఆనందీబాయి అయింది. ఆమె విషయంలో కొత్త పేరు కొత్త బతుకుతో పాటు వచ్చిందని ఒప్పుకోవాలి. కానీ గోపాలరావును పెళ్లాడిన తొమ్మిదేళ్ల యమునను ఎవరడిగారు?