వేటకు తోడెవ్వరు?



వేట యనగానే తుపాకియు, పులియు, దొరయు మన కన్నులకు గట్టును. 1902లో కర్జన్ ప్రభువు హైదరాబాదు రాజ్యమున వేటాడినప్పుడు నెక్కొండ ప్రాంతమున రాజా దీనదయాళ్ తీసిన ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధమే. అందు చచ్చిన పులియు, దానివద్ద ప్రభుదంపతులును కలరు. ఆ పులి జాడ తీసినవా డెవ్వడో, దానిని పొదలనుండి తోలినవా రెందరో ఆ చిత్రము చెప్పదు. వారిని గూర్చియు, వారి నెన్నుకొనిన విధమును గూర్చియు నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఖమ్మమునకు ఈశాన్యముగా ఇల్లెందు, పాల్వంచ ప్రాంతములమీదుగా గోదావరి వరకు సాగిన అడవి ఒక్కటే. దాని నేలిన ప్రభుత్వములు మాత్రము రెండు. 1860లో నిజాము ప్రభువు గోదావరి ఎడమగట్టున నున్న భద్రాచలము, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. అవి కొంతకాలము ఎగువ గోదావరి జిల్లాలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినవి. అప్పటినుండి కుడిగట్టు నిజాముది, ఎడమగట్టు ఏజెన్సీ. కుడిగట్టున హాలీ రూపాయి, ఎడమగట్టున కలదారు రూపాయి. అడవిదున్నకును పులికిని ఈ హద్దు తెలియదు. కూలివానికి మాత్రము బాగుగ తెలియును. ఏలయన ఆరు కలదారు రూపాయల విలువ ఏడు హాలీ రూపాయలకు సమానము. కలదారున మాటాడి హాలీలో చెల్లించినచో ఏడింట నొకవంతు కూలి మాయమగును.

1889లో నిజాము రైలుమార్గము బెజవాడను చేరినపిదప దూరదేశపు వేటగాండ్రకు ఈ అడవులు దగ్గరయ్యెను. వచ్చినవానికి వేట సమకూర్చుకొనుటకు మూడు దారు లుండెడివి.

మొదటిది సర్కారు దారి. తహసీలుదారునకు కబురు పోవును. అతడు పటేలు పట్వారీల కుత్తరువిచ్చును. బండ్లు, పాలు, కోళ్లు, గ్రుడ్లు, కట్టెలు, గడ్డి, మృగమును తోలుటకు మనుష్యులు, అన్నియు ముందుగనే విడిదికి చేరును. దొరకు శ్రమ లేదు, ఖర్చును స్వల్పమే. ఏలయన అందు చాలభాగము వెట్టి.

రెండవది పట్టణపు షికారీ. తుపాకి తుడుచుట, మంచె కట్టించుట, ఎరకు దున్నదూడను కట్టుట, చర్మ మొలుచుట ఇతనికి చక్కగ తెలియును. కాని ఏ వాగు చైత్రమున నెండునో, ఏ మడుగునకు దుప్పులు దిగునో పరదేశి కెట్లు తెలియును? తెలియనిదానిని మాటలతో కప్పిపుచ్చును. రేపు పులిని చూపించెదనని ఒట్టుపెట్టుకొను షికారీని నమ్మరాదు. అడవి నెరిగినవాడు అట్టి మాట నెన్నడు నీయడు.

మూడవది ఆ యూరి కోయను, లేక పాపికొండల వైపున కొండరెడ్డిని నేరుగ నడుగుట. అడుగుజాడ నిన్నటిదో నేటిదో, గాలి యెటు వీచుచున్నదో, కణుజు ఎందులకు బెదరి అరచెనో వారు చెప్పగలరు. విత్తనపు పండుగనాడు ఊరి మగవారందరు కలిసి వేటకు పోవుట కోయల ఆచారము. వారి వేటలో మాంసము ఊరంతటికిని పంపకము. అట్టివారిని తోడు కొన్న వేటగానికి పులి దొరకినను దొరకకున్నను ప్రాణము దక్కెడిది.

ఇది మన సీమకే ప్రత్యేకము కాదు. ఉత్తర అమెరికా ఖండపు తూర్పున నున్న న్యూఫౌండ్లండు దీవిలో కారిబూ యను పెద్ద కొమ్ముల దుప్పిజాతి మృగము కలదు. దానిని వేటాడవచ్చిన ఇంగ్లీషు దొరలకు సయితము దారి చూపినవారిలో మిక్‌మాక్ యను ఆదివాసులే ముఖ్యులు.

అయినను సమకూర్చువాని యోగ్యత తెలియునది మృగము కనబడినప్పుడు కాదు, అది గాయపడి పొదలో దూరినప్పుడు. యోగ్యుడు డప్పులు ఆపించును, తోలువారిని చెట్లెక్కించును, కొంతసేపు వేచియుండును. పిదప బఱ్ఱెల మందను ముందు తోలించి, తుపాకులవారినే వెనుక పంపును. అయోగ్యుడు చీకటిపడుచున్నదని కఱ్ఱలు చేతబట్టిన కూలీలను పొదలోనికి త్రోయును.

మా తాతగారు ఇల్లెందు తాలూకాలో పట్వారీ. ఒక యేడు ఒక పెద్ద అధికారి విడిదికి నలువదిమందిని పంపవలసివచ్చెనట. అవి పోడు కాల్చి విత్తులకు సిద్ధపడు దినములు. ఎవ్వరికిని పోవ నిష్టము లేదు. అయినను ఉత్తరువు గనుక పంపిరి. మూడవనాడు ముప్పదితొమ్మండుగురు తిరిగివచ్చిరి. నలువదవవానిని గాయపడిన ఎలుగుబంటి చీల్చివైచినది. "కోళ్లెన్నో, గ్రుడ్లెన్నో, బండ్లెన్నో లెక్క వ్రాసితిని. వాని పేరు వ్రాయుటకు దఫ్తరులో గడి లేదు; నేనును గీయలేదు" అని తాతగారు వృద్ధాప్యమున మాతో ననుచుండెడివారు. ఆయన క్రూరుడు కాడు. కాని ఆ మాట చెప్పునప్పుడు మా ముఖములు చూచెడివారు కారు.

ఇట్టి వెట్టికి విరోధముగ, 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను తొలిసారి కూడిన నిజామాంధ్ర మహాసభయు గొంతెత్తినవి. వెట్టికి లోబడినవారు లక్షలు. వేటలో వెట్టి అందొక చిన్న పాయ. కాని ప్రాణములు పోయిన పాయ అది.

ఇప్పుడు ఆ వేటలు లేవు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1977లో పాల్వంచ చెంత కిన్నెరసాని అడవి అభయారణ్య మయ్యెను. 2008లో పాపికొండలు జాతీయోద్యానముగ ప్రకటింపబడెను. నాటి రెండు గట్లును నేడు ఒక దేశములోనివే. తుపాకి పట్టి వచ్చువారికి బదులు అడవి చూడవచ్చువారును, నది చూడవచ్చువారును వచ్చుచున్నారు. దారి చూపుమని వారును మనలనే యడుగుదురు. మనుష్యులను కూర్చిపెట్టుమని గుత్తేదారులును మనలనే యడుగుదురు.

కావున పెద్దలారా, మీ మాటపై ఒకడు అడవికి పోయెడి పక్షమున మూడు సంగతులు విచారింపుడు. అతడు తన యిష్టమున పోవుచున్నాడా? కూలి అతని చేతిలోనే పడుచున్నదా? ఆపద వచ్చినప్పుడు ముందు నిలుచువా డెవ్వడు? పోయినవారి పేర్లు వ్రాసికొని, తిరిగివచ్చినవారిని లెక్కించుకొనుడు. దఫ్తరులో గడి లేనిచో మీరే గీయుడు.