వాకిటి దుబాసీ

పూర్వము చెన్నపట్టణమున తూర్పు ఇండియా కంపెనీ దొరలకును, ఈ దేశపు వర్తకులకును నడుమ దుబాసీలు ఉండెడివారు. ఒకరి మాట విని, రెండవవారి భాషలో పలికి, బదులు తెచ్చి యిచ్చుట వారి వృత్తి. కంప్యూటరుల లోకమున 'ప్రాక్సీ' అను మధ్యవర్తి చేయు పనియు ఇట్టిదే. దాని పుట్టుకకు ఒక భయమును, ఒక అవసరమును కారణములు.

భయము 1988 నవంబరు 2వ తేదీనాటిది. ఆనాడు అమెరికాలో రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి విడిచిన 'వర్మ్' ఇంటర్నెట్టులో తనంత తానే ప్రాకి, వేలకొలది యంత్రములను స్తంభింపజేసినది. పరస్పర విశ్వాసముతో వాకిళ్లు తెరచియుంచిన సంస్థలు మేలుకొన్నవి. క్రమముగా లోపలి యంత్రములకును బయటి ప్రపంచమునకును నడుమ 'ఫైర్‌వాల్' అను గోడలు లేచినవి.

అయితే గోడ శత్రువుతోపాటు మిత్రునికూడ ఆపును. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున 1989లో టిమ్ బర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌ను, 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ ఎల్లరకు ఉచితము గావించెను. గోడవెనుకనున్నవారికి అది అందుటెట్లు? సెర్న్‌లోని ఆరి లువోటొనెన్, ఇంటెల్ సంస్థలోని కెవిన్ ఆల్టిస్ ఇందుకు మార్గమును 1994లో ఒక వ్యాసమున వివరించిరి. సెర్న్ వారి వెబ్ సర్వరే ప్రాక్సీగా పనిచేయసాగెను.

దాని తీరు సులభమే. లోపలి యంత్రము తనకు వలసిన పుటయొక్క పూర్తి చిరునామాను ప్రాక్సీకి చెప్పును. ప్రాక్సీ తన పేరిట బయటికిపోయి, దానిని తెచ్చి యిచ్చును. ఆ పుట ఎఫ్‌టీపీ, గోఫర్ వంటి వేరు పద్ధతులలో నున్నను, ఆ భాషలో తానే అడిగి, బదులును వెబ్ భాషలోనికి మార్చును. ఇదియే గేట్‌వే ధర్మము. తెచ్చినదాని ప్రతిని దాచుకొని, మరల ఎవరైన అడిగినచో, "అప్పటినుండి మారినదా?" అని మాత్రము విచారించును. మారనిచో దాచిన ప్రతినే యిచ్చును. తంతులు మందగతిని నడచిన ఆ దినములలో ఇది గొప్ప పొదుపు.

కాని దుబాసీకి ఉభయుల రహస్యములు తెలియును. తొలినాళ్లలో ఎవరు ఏమి చదివినది ప్రాక్సీకి స్పష్టముగా కనబడెడిది. సంకేతలిపితో మాటలను కప్పు పద్ధతి వచ్చిన పిదప, అది సాధారణముగా ముద్రవేసిన లేఖను మోయు బంట్రోతువంటిదైనది. ఎవరికి పోవుచున్నదో ఎరుగును. లోపల ఏమున్నదో ఎరుగదు. అయినను, లోపలి యంత్రములు దాని ముద్రను నమ్మునట్లు యజమాని ఏర్పాటు చేసినచో, లేఖను విప్పి చదువగలదు. కార్యాలయపు యంత్రముపై సొంత లేఖలు చదువుకొనువారు ఈ సంగతి మరువరాదు.