పేరు అడగని షికారీలు: కావేరి మూపురం మహసీర్ తారీఖ్



చేపల షౌక్ ఉన్న మన బుజుర్గులను ‘మహసీర్’ అంటే ఏమిటని అడిగి చూడండి. ఫార్సీలో ‘మాహీ’ అంటే చేప, ‘షేర్’ అంటే సింహం, కాబట్టి ఇది నీళ్లలో సింహం అంటారు. సంస్కృతం తెలిసినవాళ్లు ‘మహా శిరస్సు’ అంటారు, పెద్ద తల ఉన్న చేప అని. రెండు మానేలూ ఆ చేపకు సరిపోతాయి. తల పెద్దదే, తాఖత్ సింహానిదే. అరచేతి వెడల్పున మెరిసే పొలుసులు, వరదలో ఎదురీదే బలం, మనిషి బరువుకు దగ్గరగా పెరిగే ఒళ్లు.

ఈ మాట ఎక్కడిదన్న బహస్ ఎంతైనా చేయొచ్చు. దానికంటే పెద్ద సవాల్ ఇంకొకటుంది. ఈ పేరు ఒక చేపదా, చాలా చేపలదా? కావేరిలో గాలం వేసిన షికారీలు దాదాపు నూటయాభై ఏళ్లు ఆ సవాల్‌ను పక్కన పెట్టేశారు. దాని ఖీమత్ ఒక చేపజాతి చెల్లించింది. ఈరోజు చెప్పబోయే తారీఖ్ అదే.

పేరుదేముందిలే అనుకునే ఖౌమ్ కాదు మనది. సూరా బఖరాలో ఆదమ్ అలైహిస్సలామ్ వాకియా చిన్నప్పుడే విన్నాం. ఫరిష్తాల ముందు ఆయనకు దక్కిన బడాయీ పేర్ల ఇల్మ్ వల్లే. మన దస్తర్‌ఖాన్ మీద కూడా పేరు పెద్ద మస్లానే. హనఫీ ఫిఖాలో నీటి ప్రాణుల్లో చేప ఒక్కటే హలాల్. అందుకే రొయ్య చేపల్లోకి వస్తుందా రాదా అని ఉలమా కాలం నుంచీ చర్చించారు. అరబ్బీ లుగత్‌లు రాసినవాళ్లు దాన్ని చేపల్లో లెక్కబెట్టారని కొందరు జాయిజ్ అన్నారు, ఇంకొందరు ఒప్పుకోలేదు. ఫిఖా-ఎ-జాఫరీ పాటించే మన షియా భాయీలకు పొలుసు ఉందా లేదా అన్నది అసలు షర్త్. రోహూ తింటారు, పొలుసు లేని వాలుగ తినరు. అంటే తెలియని చేప చేతికి వచ్చినప్పుడు ‘ఇది ఏమిటి’ అని ఆగి అడగడం మనకు దీన్ నేర్పిన అదబ్.

మన బాద్షాలకూ ఈ అదబ్ ఉండేది. బాబర్ తన ఆత్మకథలో హిందుస్తాన్ జంతువులు, పక్షులు, చెట్లతో పాటు చేపలకూ చోటిచ్చాడు. వాగుకు అడ్డంగా కట్టిన వల నీటి పైకి అర గజం లేచి ఉన్నా, చేపలు దాని మీద నుంచి దూకి వెళ్లిపోయిన తమాషాను కూడా రాసి పెట్టాడు. మునిమనవడు జహాంగీర్ ఇంకో అడుగు ముందుకేశాడు. వింత జంతువు దర్బార్‌కు వస్తే కొలిపించేవాడు, తూకం వేయించేవాడు, ఉస్తాద్ మన్సూర్ లాంటి ముసవ్విర్ చేత తస్వీర్ గీయించేవాడు. హసన్ అబ్దాల్ దగ్గర తానే వల విసిరి, పడిన పది పన్నెండు చేపల ముక్కులకు ముత్యాలు గుచ్చి మళ్లీ నీళ్లలో వదిలేశానని తన తుజుక్‌లో రాసుకున్నాడు. పట్టి వదిలేసే ఆట ఇంగ్లీషు సాహెబులతోనే మొదలైందని అనుకునేవాళ్లు ఆ పేజీ చూడాలి.

కంపెనీ జమానాలో ఈ పనిని డాక్టర్లు అందుకున్నారు. వాళ్లలో ఇద్దరిని గుర్తు చేస్తాను. ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్లే.

మొదటివాడు ప్యాట్రిక్ రస్సెల్. ఇండియాకు రాకముందు దాదాపు 20 ఏళ్లు షామ్ ముల్క్‌లోని హలబ్ షహర్‌లో డాక్టరుగా ఉన్నాడు, అక్కడి ప్లేగు వ్యాధి మీద పెద్ద కితాబ్ రాశాడు. 1780లలో విశాఖపట్నం చేరాడు. మన తీరంలో పాముల మీద, చేపల మీద పరిశోధన చేశాడు. 1803లో లండన్‌లో విశాఖపట్నం చేపల మీద రెండు సంపుటాలు అచ్చయ్యాయి. రెండు వందల చేపలు, బొమ్మలతో సహా. మనకు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఇక్కడివాళ్లు ఏ చేపను ఏమని పిలుస్తారో విని, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన ‘వాలుగ’ ఆయన కితాబ్‌లోకి అలాగే ఎక్కింది. తర్వాత శాస్త్రవేత్తలు దాన్నే లాటిన్ చేసి ‘వల్లాగో’ అన్నారు. ఈరోజు దునియాలో ఏ మూల చేపల శాస్త్రం చదివినా ఆ చేప ‘వల్లాగో అట్టు’యే. మన బెస్తవాళ్ల నోటి మాట అది.

రెండోవాడు ఫ్రాన్సిస్ బుకానన్, తర్వాతి పేరు హామిల్టన్. 1799లో శ్రీరంగపట్నంలో టిపూ సుల్తాన్ షహీద్ అయ్యాక, మరుసటి ఏడాదే ఆ సల్తనత్ నేలనూ పంటలనూ సర్వే చేయడానికి కంపెనీ పంపినవాడు ఇతనే. తర్వాత బెంగాల్, బీహార్‌లలో తిరుగుతూ గంగా దరియా చేపలను పరిశీలించాడు. హలుదార్ అనే బెంగాలీ ముసవ్విర్ ఆయన కోసం బొమ్మలు గీశాడు. 1822లో ఎడిన్‌బరోలో అచ్చయిన ఆ కితాబ్‌లో రెండున్నర వందలకు పైగా చేపలున్నాయి. రోహిత, కట్ల, మృగాల, పుటిటోర, టోర్ అన్నీ జాలర్ల పేర్లే, మీద లాటిన్ షేర్వానీ తొడిగాడు అంతే. రోహూ, బొచ్చె కొనేటప్పుడు మనం ఇప్పటికీ హామిల్టన్ పెట్టిన చేపలనే కొంటున్నాం. మహసీర్ ఖాందాన్ మొత్తానికి నేడు శాస్త్రంలో ఉన్న ‘టోర్’ అనే పేరు కూడా ఆ బెంగాల్ జాలర్ల నోటి నుంచి వచ్చిందే.

ఈ ఇద్దరి తర్వాత వచ్చిన సాహెబులు వేరే రకం. వాళ్లు గాలం పట్టుకుని వచ్చారు.

ఫ్లై ఫిషింగ్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మన చెరువు గట్టు మీద గాలానికి వానపామునో పిండినో గుచ్చుతాం. ఫ్లై ఫిషింగ్‌లో అసలు ఎర ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలు, దారం, వెంట్రుకలు చుట్టి ఈగలాగో పురుగులాగో తయారు చేస్తారు. దానికి బరువుండదు కాబట్టి, దారాన్నే కాస్త బరువుగా చేసి, కర్రతో గాలిలో ముందుకూ వెనక్కూ ఊపి నీటి మీద వాలనిస్తారు. నిజమైన పురుగు వాలిందని చేప ధోకా తినాలి. ఆ నదిలో ఏ చేప ఉంది, ఏ మౌసంలో ఏ పురుగు తింటుంది అన్నది తెలియకపోతే ఈ హునర్ పనికి రాదు.

ఇంగ్లాండ్, స్కాట్లాండ్‌లలో ఈ ఆట ట్రౌట్, సాల్మన్ చేపలతో ఆడేవారు. ఇక్కడ ఆ రెండూ లేవు. కాబట్టి సాహెబులు రెండు దారులు పట్టారు. ఒకటి, తమ చేపను ఇక్కడికే తెచ్చుకోవడం. కశ్మీర్‌కు మొదట పంపిన ట్రౌట్ గుడ్లు దారిలోనే పాడయ్యాయి. 1900లో స్కాట్లాండ్ నుంచి వచ్చినవి బతికాయి. శ్రీనగర్‌లో కార్పెట్ల ఫ్యాక్టరీ నడిపే మిచెల్ అనే సాహెబ్ వాటిని పెంచాడు. ఈనాడు కశ్మీర్ వాగుల్లో కనిపించే ట్రౌట్ ఆ మెహమానుల ఔలాదే.

రెండో దారి, ఇక్కడి చేపలోనే తమ సాల్మన్‌ను చూసుకోవడం. అలా దొరికింది మహసీర్. మద్రాస్ సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో రాసిన ‘ది రాడ్ ఇన్ ఇండియా’ ఈ షికారీలకు గైడ్ అయింది. సైజుతో పోల్చి చూస్తే సాల్మన్ కంటే మహసీరే ఎక్కువ పోరాడుతుందని థామస్ ఫైసలా ఇచ్చాడు. దాని దంతాలు నోట్లో కాదు గొంతులో ఉంటాయని, ఏ నీటికి ఏ ఫ్లై, ఎక్కడ లోహపు చెంచా ఎర పనిచేస్తుందని వివరంగా రాశాడు. చేప అలవాట్లు చదివి గాలం వేయమని నేర్పిన కితాబ్ అది.

కావేరిలో, దాని ఉపనదుల్లో దొరికే మహసీర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. తల వెనుక ఎద్దుకున్నట్టు మూపురం. ఇంకే మహసీర్ కన్నా భారీగా పెరుగుతుంది. 1946లో మైసూరులోని వాన్ ఇంజెన్ కుటుంబానికి చెందిన ఒక షికారీ కబిని నదిలో పట్టిన చేప 120 పౌండ్లు తూగింది. అంటే దాదాపు 54 కిలోలు. ఆ రికార్డు ఈనాటికీ చెబుతుంటారు. ఫోటోలు తీశారు, తలలను గోడలకు తగిలించారు, క్లబ్బుల్లో కిస్సాలు చెప్పుకున్నారు. ఇంగ్లీషులో ‘హంప్‌బ్యాక్’ అని ముద్దుపేరు కూడా పెట్టారు. కానీ శాస్త్రంలో దానికి సరైన పేరు ఎవరూ పెట్టించలేదు. మహసీరే కదా, ఇంకేం కావాలి అనుకున్నారు.

పేరు లేని చోట పరాయి పేరు వచ్చి కూర్చుంటుంది. కర్నల్ సైక్స్ అనే సైనికాధికారి 1839లో దక్కన్ చేపల మీద రాస్తూ, పుణే వైపు నదుల నుంచి రెండు చేపలను పరిచయం చేశాడు. ఒకదాని పేరు ‘ఖుద్రీ’, ఇంకోదాని పేరు ‘ముసుల్లా’. మన జానమాజ్‌ను గుర్తుచేసే ఈ రెండో పేరును తర్వాతి కాలపు శాస్త్రవేత్తలు తీసుకెళ్లి కావేరి మూపురం చేపకు తగిలించారు. చాలా కితాబుల్లో అదే నిలిచిపోయింది. చివరికి తేలిందేమిటంటే, సైక్స్ చూసిన ముసుల్లా అసలు మహసీరే కాదు, వేరే ఖాందాన్ చేప. ఇన్నాళ్లూ కావేరి షేర్ ఇంకొకరి పేరుతో తిరిగిందన్నమాట.

ఇది కితాబుల గొడవ అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ నుఖ్సాన్ నీళ్లలో జరిగింది. డ్యాములు, డైనమైట్‌తో చేపలు పట్టడం, ఇసుక తవ్వకాల వల్ల మహసీర్లు తగ్గుతున్నాయని 1970ల తర్వాత ఫిక్ర్ మొదలైంది. లోనావ్లాలోని హేచరీలో మహసీర్ పిల్లలను పెంచి నదుల్లో వదిలారు. నియ్యత్ మంచిదే. అయితే అక్కడ పెంచింది సైక్స్ చెప్పిన ఖుద్రీ, నీలి రెక్కల మహసీర్. కృష్ణా వైపు నదుల చేపను కావేరిలో వదిలారు. అదీ మహసీరే, ఇదీ మహసీరే అనుకున్నారు. ఒకే పేరు కింద రెండు జాతులుంటే తేడా అడిగేవాడు ఉండడు.

ఇక్కడ షికారీలకు ఇన్సాఫ్ కూడా చేయాలి. కావేరి ఒడ్డున గాలిబోరె దగ్గర ఉన్న ఫిషింగ్ క్యాంపులో పట్టిన ప్రతి చేపనూ తూకం వేసి, రిజిస్టర్‌లో రాసి, నీళ్లలో వదిలేసేవారు. 1998 నుంచి 2012 వరకు ఉన్న ఆ లెక్కలను పరిశోధకులు తిరగేశారు. మొత్తం చేపలు పెరుగుతున్నట్టే కనిపించాయి. రకాలు విడదీసి చూస్తే నీలి రెక్కలది పెరుగుదల, మూపురం చేపది తరుగుదల. మూపురం చేపల్లో పిల్లలు కనిపించడమే తగ్గిపోయింది. ముసలివాళ్లు మిగిలి పిల్లలు లేని బస్తీ ఎన్నాళ్లుంటుంది? ఆటకోసం ప్రాణికి తక్లీఫ్ ఇవ్వడం నాకు నచ్చదు. అయినా ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి, ఆ రిజిస్టర్లు లేకపోతే ఈ చేప తరఫున గవాహీ చెప్పేవారు ఎవరూ లేరు.

తర్వాత పరిశోధకులు కావేరి వ్యవస్థలోకి వచ్చే మోయార్ నదిలో మూపురం చేపలను వెతికి పట్టారు. కొలతలు తీశారు, డీఎన్ఏ చూశారు. కేరళలోని పంబార్ నది నుంచి అంతకు ముందే ‘టోర్ రెమాదేవి’ అనే పేరుతో నమోదైన చేప, ఇదీ ఒకటేనని 2018లో ప్రకటించారు. ఆ పేరు మన దేశపు చేపల శాస్త్రవేత్త కె. రెమాదేవి గౌరవార్థం పెట్టింది. అదే ఏడాది అంతర్జాతీయ రెడ్ లిస్ట్‌లో ఈ చేప అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా చేరింది. అంతకు ముందు ఎందుకు చేరలేదంటే, పేరు ఖరారు కాని జాతిని ఆ లిస్ట్‌లో ఎక్కించడం కుదరలేదు. రేషన్ కార్డుకు ఆధార్ అడిగినట్టే, బతికించడానికీ పేరు అడుగుతారు.

ఈ తారీఖ్‌లో నాకు దొరికిన సబక్ ఇది. రస్సెల్, హామిల్టన్ జాలరిని పక్కన కూర్చోబెట్టుకుని ‘దీన్ని ఏమంటారు’ అని అడిగారు. రెండు వందల ఏళ్లయినా వాళ్ల పని నిలిచింది. తర్వాతి షికారీలకు హునర్ ఉంది, సబర్ ఉంది, చేప మీద ముహబ్బత్ కూడా ఉంది. ఆ ఒక్క సవాల్ మాత్రం లేదు. ముహబ్బత్ ఉండి పెహచాన్ లేకపోతే ఏమవుతుందో కావేరి చూపించింది.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. బజారులో ముక్కలు కోసిన చేప తెచ్చి ‘ఫిష్’ అంటున్నాం. అమ్మీలకు, నానీమాలకు మురెల్ వేరు, వాలుగ వేరు, జెల్ల వేరు. ఏది ఏ నీటిదో, ఏ మౌసంలో రుచిగా ఉంటుందో వాళ్లకు తెలుసు. అది చదువు లేనివాళ్ల మాట కాదు, ఇల్మ్. ఈసారి చేపల మార్కెట్‌కు వెళ్లినప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లండి. తెలియని చేప కనిపిస్తే అమ్మే ఆమెను పేరు అడగమనండి, ఏ నదిదో, ఏ చెరువుదో కూడా అడగమనండి. ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాయమనండి. ఆమె చెప్పే పేరు ఏ కితాబ్‌లోనూ ఎక్కకముందే పోయేదై ఉండొచ్చు.