మంచం పట్టిన మనిషి ఎవరి లెక్కలోకి వస్తాడు? (23వ భాగం)

మా నాయనమ్మ చివరి ఏడు నెలలూ మంచం మీదే ఉంది. నడుం కింద పుండ్లు పడ్డాయి. పెద్దాసుపత్రిలో "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొండి" అన్నారు. మా అమ్మ పొద్దున్నే ఆ పుండ్లు కడిగి కూలికి పోయేది. ఊళ్లో ఆశా ఉంది, పంచాయతీ ఉంది, పక్క ఊళ్లో పీహెచ్‌సీ ఉంది. ఈ మూడూ కలిసి ఒక్కసారి కూడా మా వాడకు రాలేదు.

మూడూ కలిసి వచ్చిన చోటు ఒకటుంది మిత్రులారా. కేరళ.

1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, మరికొందరు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. నయంకాని జబ్బుల్లో నొప్పి తగ్గించడం వాళ్ల పని. (1985 మాదకద్రవ్యాల చట్టం పుణ్యమా అని మార్ఫిన్ దొరకడమే గగనమైన రోజులవి. దొంగరవాణాదారుల కోసం చేసిన చట్టం క్యాన్సర్ రోగి మీద పడింది.) నడుస్తూ నడుస్తూ వాళ్లకు తెలిసొచ్చిందేమంటే, అసలు అవసరమున్న మనిషి క్లినిక్కు దాకా రాలేడు. వచ్చినా అతనికి నొప్పి ఒక్కటే కాదు, ఇంట్లో బియ్యమూ ఉండవు. డాక్టరు చీటీలో బియ్యం రాయరు కదా!

అలా 2000 ప్రాంతంలో మలప్పురంలో, చుట్టుపక్కల జిల్లాల్లో ఇరుగుపొరుగు నెట్‌వర్కు పుట్టింది. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగిన మామూలు జనానికి శిక్షణ ఇచ్చారు. నర్సుతో పాటు వాళ్లూ ఇంటింటికీ వెళ్లారు. ఖర్చుకు చిన్న చిన్న చందాలు.

సరిగ్గా వందేళ్ల ముందు, 1893లో, అక్కడికి దక్షిణాన తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండెక్కి నిషేధించిన దారిలో పోయాడు. దారిలో నడవడానికే పోరాడిన జనం మనం. కాబట్టి "పొరుగువాళ్లు చూసుకుంటారు" అనే మాట వినగానే నేను మురిసిపోను. ఏ పొరుగు? మా ఊళ్లో పెద్దకులం వలంటీరు మాదిగవాడలోకి వచ్చి పుండు కడుగుతాడా?

అందుకే నాకు వలంటీర్ల కంటే ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. 1996లో ప్రజా ప్రణాళిక కింద రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35-40 శాతం స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించారు. అంటే పంచాయతీ చేతికి డబ్బొచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించింది. పంచాయతీ నర్సును పెట్టుకుంటుంది, పీహెచ్‌సీ వెనక నిలబడుతుంది, వలంటీరు తోడెళ్తాడు. చందా ఇచ్చేవాడి మనసు మారొచ్చు. పద్దులో ఉన్న నర్సు రాకపోతే మాత్రం గ్రామసభలో లేచి అడగొచ్చు.

మన దగ్గర? తెలంగాణలో "ఆలన" పేరుతో ఇళ్లకెళ్లే సేవ వచ్చింది, సంతోషం. కానీ దాన్ని నడిపేది వైద్యశాఖ, పంచాయతీ కాదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో సాంఘిక సంక్షేమం, బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీల సంక్షేమం పంచాయతీల అంశాలుగానే ఉన్నాయి. 60 దాటిన పేదకు కేంద్రం ఇచ్చే పింఛను వాటా 200 రూపాయల దగ్గరే ఆగిపోయింది. 80 దాటితే 500.

కేరళను నెత్తిన పెట్టుకోమనడం లేదు. 2025 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో ఆశాలు గౌరవ వేతనం పెంచమని తిరువనంతపురం సెక్రటేరియట్ ముందు సమ్మెకు కూర్చున్నారు. ఇళ్లకు తిరిగే ఆ ఆడవాళ్లను ప్రభుత్వం ఇప్పటికీ కార్మికులు అనదు, "వలంటీర్లు" అంటుంది. వచ్చే భాగంలో వాళ్ల గురించే.

జై భీమ్.