రెజిల్‌మేనియా 3

రెజిల్‌మేనియా 3 అనునది 1987 మార్చి 29న అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిచిగన్ రాష్ట్రం, పాంటియాక్ పట్టణంలోని సిల్వర్‌డోమ్ స్టేడియంలో జరిగిన వృత్తి మల్లయుద్ధ (ప్రొఫెషనల్ రెజ్లింగ్) ప్రదర్శన. వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ దీనిని నిర్వహించినది. ఇందులో మొత్తం 12 పోటీలు జరిగాయి. ఆనాడు స్టేడియంలోను, టెలివిజన్ తెరలపైన చూసినవారికంటె, తరువాతి కాలంలో వీడియో క్యాసెట్లు, డీవీడీల ద్వారా చూసినవారి మూలంగానే ఈ ప్రదర్శనపై నేటి అభిప్రాయం ఏర్పడినదని చెప్పవచ్చును.

నేపథ్యము

వృత్తి మల్లయుద్ధంలో గెలుపోటములు ముందుగానే నిర్ణయింపబడి ఉంటాయి. కనుక ఇది క్రీడకు, నాటకానికి నడుమనున్న ప్రదర్శన కళ. అయితే మల్లుల శరీరాలపై పడే భారము, నొప్పి మాత్రం చాలావరకు నిజమైనవే.

హల్క్ హోగన్ 1984 జనవరి నుండి ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్నాడు. అతని మిత్రునిగా పేరొందిన ఫ్రాన్స్ దేశస్థుడు ఆండ్రే ది జెయింట్, బాబీ హీనన్‌ను మేనేజరుగా చేసుకొని శత్రువుగా మారినట్లు కథను నడిపించారు. ఆండ్రే పదిహేను సంవత్సరాలుగా ఓటమి ఎరుగడనియు, అతనిని ఎవరూ ఎత్తి పడవేయలేదనియు ప్రచారం చేశారు.

ప్రధాన పోటీ

పోటీ మొదలైన కొద్ది క్షణాలకే హోగన్ ఆండ్రేను ఎత్తబోయి, బరువుకు తాళలేక కూలిపోయాడు. ఆండ్రే అతనిపై పడగా రిఫరీ లెక్కించాడు. మూడవ లెక్క పూర్తి అయినదా, కాలేదా అన్న వాదన కథలో భాగమై, 1988 ఫిబ్రవరి 5న జరిగిన వారి తదుపరి పోటీకి కారణాలలో ఒకటైనది. చివరకు హోగన్ 520 పౌండ్ల బరువుగా ప్రకటింపబడిన ఆండ్రేను ఎత్తి పడవేసి విజయం సాధించాడు.

స్టీమ్‌బోట్ - సావేజ్ పోటీ

అదే ప్రదర్శనలో రికీ స్టీమ్‌బోట్, ర్యాండీ సావేజ్‌ను ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ బెల్టును గెలుచుకున్నాడు. దాదాపు పదిహేను నిమిషాల ఈ పోటీలోని ప్రతి పట్టును వారిద్దరు ముందుగా కాగితంపై వ్రాసుకొని, కంఠస్థం చేశారని స్టీమ్‌బోట్ తరువాత తెలియజేశాడు. 1987లో ఉత్తమ పోటీగా రెండు ప్రముఖ మల్లయుద్ధ పత్రికలు దీనినే ఎంపిక చేశాయి.

వీడియో రూపములో

కొలీజియం వీడియో సంస్థ 1987లోనే ఈ ప్రదర్శనను వీహెచ్ఎస్ క్యాసెట్‌గా విడుదల చేసినది. ఆనాటి అమెరికాలో వీడియో అద్దె దుకాణాలు విస్తరించుచున్నందున, ఒకేసారి చూసి మరచిపోవలసిన ప్రదర్శన మరల మరల చూడదగినదైనది. ఇరవై సంవత్సరాల తరువాత, 2007లో ప్రత్యేక డీవీడీ వెలువడినది. 2014లో సంస్థ స్వంత ఇంటర్నెట్ ప్రసార సేవ ప్రారంభమైనప్పుడు పాత ప్రదర్శనలు అందులో చేర్చబడ్డాయి.

పునర్వీక్షణలో తెలిసినవి

మరల చూచినప్పుడు కొన్ని ప్రచారాలు నిలువవు. 1980 ఆగస్టులో న్యూయార్క్‌లోని షే స్టేడియంలో ఇదే హోగన్ ఆండ్రేను ఎత్తి పడవేశాడు. ఆ దృశ్యం కూడా వీడియోలో లభిస్తున్నది. 1986లో జపాన్‌లో ఆంటోనియో ఇనోకీ చేతిలో ఆండ్రే ఓడిపోయాడు. ప్రేక్షకుల సంఖ్య 93,173 అని నిర్వాహకులు ప్రకటించగా, అది సుమారు 78,000 మాత్రమేనని మల్లయుద్ధ పాత్రికేయుడు డేవ్ మెల్ట్‌జర్ పేర్కొన్నాడు.

ముఖ్యమైన మార్పు ఆండ్రే విషయంలో కలిగినది. ప్రధాన పోటీ నెమ్మదిగా, పట్లు తక్కువగా సాగుతుంది. అతి పెరుగుదలను కలిగించే ఆక్రోమెగలీ వ్యాధితో బాధపడుతూ, 1986లో వెన్నెముకకు శస్త్రచికిత్స చేయించుకున్న ఆండ్రే, దుస్తుల క్రింద పట్టీ ధరించి బరిలోకి దిగాడు. ఈ సంగతి తెలిసి చూసినవారికి అతడు తాళ్ళను ఆనుకొని నిలబడడం, ఆచితూచి అడుగు వేయడం స్పష్టంగా కనబడతాయి. ఆండ్రే సహకరించనిదే ఆ ఎత్తివేత సాధ్యమయ్యేది కాదు. మొదటిసారి హోగన్ బలముగా తోచినది, రెండవసారి ఆండ్రే త్యాగముగా తోచును. అట్లే, ఆనాడు రెండవ స్థానంలో నిలిచిన స్టీమ్‌బోట్ - సావేజ్ పోటీని కళాదృష్టితో చూసేవారు నేడు మొదటి స్థానంలో నిలుపుతున్నారు.

తదనంతరము

ఆండ్రే 1993 జనవరిలో ప్యారిస్‌లోను, సావేజ్ 2011 మేలోను, హోగన్ 2025 జూలైలోను మరణించారు. సిల్వర్‌డోమ్ కట్టడం 2017-18లో కూల్చివేయబడినది. ఆనాటి వేదికగాని, ప్రధాన పోటీలో తలపడిన ఇద్దరుగాని నేడు లేనందున, ఈ ప్రదర్శనకు వీడియోయే ప్రధాన సాక్ష్యముగా మిగిలియున్నది.